ఫ్యాన్ల కింద ఆకాశం

ఆగండాగండి. పేజీ అప్పుడే తిప్పేయకండి. నీళ్లు తాగాలంటే ఇప్పుడే తాగి రండి, ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఇప్పుడే చేసేయండి. ఈ వారం నేను చెప్పబోయేది మధ్యలో వదిలేసి లేచి వెళ్లే రకం కాదు. కూర్చున్నారా? సరే, వినండి.

పోయిన వారం ఎక్కడ ఆగామో కొత్తగా వచ్చినవాళ్ల కోసం గబగబా చెప్పేస్తాను. నేనొక బడిలో సైన్సు టీచర్ని. చేరి ఇంకా రెండో ఏడాదే, అందుకని బడంతా నన్ను చిన్న టీచర్ అంటుంది. మా బడిలో ఏటా ఒక పెద్ద అసెంబ్లీ జరుగుతుంది. రోజూ పొద్దున్నే వరసల్లో నిలబెట్టి వార్తలు చదివించే అసెంబ్లీ కాదు. ఆ రోజు పాఠాలుండవు, హోంవర్క్ ఉండదు. బయటినుంచి ఎవరినో పిలిపించి, పలక పట్టుకునే పిల్లల నుంచి పబ్లిక్ పరీక్షల పిల్లల దాకా అందరికీ ఒకే విషయం కళ్లకు కట్టేలా చూపిస్తారు. ఎవరిని పిలవాలి, ఎక్కడ పెట్టాలి, ఏ క్లాసు ఎప్పుడు రావాలి, అన్నీ ఒక్క టీచరే చూసుకోవాలి. ఆ టీచర్ ఎవరన్నది హెడ్ మేడమ్ చెబుతారు. చెప్పాక ఆ టీచర్ సోమవారం స్టేజి ఎక్కి బడి మొత్తానికీ ప్రకటించాలి. ప్రకటించిన మనిషే ఆ రోజంతా నడిపించాలి. మా బడి పుట్టినప్పటినుంచీ అదే పద్ధతి.

ఈ ఏడు నా వంతొచ్చింది. నేను ఆకాశాన్ని బుక్ చేశాను!

నిజంగా ఆకాశాన్నే. ఒక పెద్ద నల్లటి బట్టలోకి మోటారుతో గాలి ఊదితే అది గుమ్మటంలా లేస్తుంది. సొరంగంలాంటి దారిలో పాకుతూ లోపలికెళ్లి వెల్లకిలా పడుకుంటే, పట్టపగలు, మీ నెత్తి మీద నక్షత్రాలు! దాన్ని వ్యానులో వేసుకుని బడులన్నీ తిరిగే ఆవిడను పిల్లలు ఆకాశం ఆంటీ అంటారు. ఆవిడకొక నియమం ఉంది. లోపల కథ సగమే ఆవిడ చెబుతుంది. మిగతా సగం ఆ బడి టీచరే చెప్పాలి. "నేను సాయంత్రానికి వెళ్లిపోతాను తల్లీ. మర్నాడు పిల్లలు ప్రశ్నలతో పీక్కుతినేది నిన్ను," అంటుంది. ఆ సగాన్ని నేను స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, నిద్రలో కూడా వల్లె వేస్తున్నాను. సోమవారం స్టేజి మీద "ఈసారి మన హాల్లోకి ఆకాశం వస్తోంది" అని నేను ప్రకటించగానే వెయ్యి గొంతులు ఒక్కసారి లేచాయి చూడండి, ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంకొక్క సంగతి. హెడ్ మేడమ్ మా పిన్ని. అమ్మకు సొంత చెల్లెలు. బడిలో టీచర్లకీ పిల్లలకీ తెలియదు. తెలియనివ్వలేదు. ఇంట్లో "ఒసేయ్, ఆ తువ్వాలు అక్కడ పడేశావేం" అనే మనిషి, గేటు దాటగానే "టీచర్ గారూ, మీ క్లాసు గోల స్టాఫ్ రూముదాకా వినబడుతోంది" అంటుంది. నేనూ తల వంచుకుని "సారీ మేడమ్" అంటాను. మా ఇద్దరి నటనకు ఎవరైనా కప్పు ఇవ్వాలి, అంత బాగా చేస్తాం.

పోయిన వారం ఆకాశం ఆంటీ హాలు చూడ్డానికొచ్చింది. ఏ బడికెళ్లినా ముందు చేసే పనే చేసింది. చెప్పులు విడిచి, నేల మధ్యలో వెల్లకిలా పడుకుంది. పైకి చూసింది. చెయ్యెత్తి వేలు చూపించింది. అక్కడ ఆపాను కదా? ఇక వినండి.

"అమ్మాయ్," అంది ఆంటీ పడుకునే. "ఫోన్లో నాకు హాలు ఎత్తెంతని చెప్పావు?"

"నేల నుంచి కప్పుదాకా కొలిచే చెప్పానాంటీ. నేనే కొలిచాను. గోడకి నిచ్చెన వేసుకుని."

"కప్పుదాకా కొలిచావు. బావుంది. మరి మధ్యలో వేలాడుతున్నవేమిటి? గబ్బిలాలా?"

తలెత్తి చూశాను. ఫ్యాన్లు. రెండు వరసల్లో, వరసకి మూడు. పొడుగాటి కడ్డీలకు వేలాడుతూ, చాలా తీరుబడిగా.

ఒట్టు, ఆ రోజు నాకవి కనబడలేదు. నేను కొలిచిన రోజు ఎండ మండిపోతోంది, ఫ్యాన్లన్నీ రివ్వున తిరుగుతున్నాయి. తిరుగుతున్న ఫ్యానుని ఎవరు చూస్తారు చెప్పండి? గాలి తగులుతుంది, అంతే. నేను కప్పును చూశాను, గోడను చూశాను, టేపు చూశాను. సైన్సు టీచర్ని. గాలి ఎలా పుడుతుందో ఆరో తరగతికి పాఠం చెబుతాను. ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో మాత్రం చూసుకోలేదు.

వెనక కిసుక్కుమన్న నవ్వు. లెక్కల టీచర్. బడి విడిచి చాలాసేపైనా తమాషా చూడ్డానికే ఆగిపోయారావిడ. "కొలతలేమైనా ఉంటే నన్నడగాల్సిందమ్మా," అన్నారు, నోట్లో చెగోడీలాంటిదేదో కరకరలాడిస్తూ.

తలుపు దగ్గర డ్రిల్ మాస్టారు నిలబడ్డారు. హాలు తాళాలు ఎప్పుడూ ఆయన నడుముకే ఉంటాయి. "నేను ముందే చెప్పాను," అన్నారు. "హాలంటే గుమ్మటాలు ఊదుకునే చోటు కాదని."

"ఎప్పుడు చెప్పారు మాస్టారూ?"

"మనసులో చెప్పాను."

ఆయన మీద నాకు కోపం రాదు. ఎందుకో కూడా మీకు తెలియాలి. మూడేళ్లుగా ఆయన ఈ అసెంబ్లీ తనకిమ్మని అడుగుతున్నారు. ఎవరైనా పడిపోతే, దెబ్బ తగిలితే, డాక్టర్ వచ్చేలోగా ఏం చేయాలో పిల్లలందరికీ చేయించి చూపించాలని ఆయన ఆశ. మంచి ఆశ. అయినా ఏటా ఇంకెవరికో వెళ్లింది. ఈ ఏడు నాకొచ్చింది.

"ఆంటీ, మీ దగ్గర చిన్న గుమ్మటం లేదా?" అన్నాను.

"ఇది బట్టల కొట్టా, సైజులు తీసి చూపించడానికి?"

"పోనీ, గ్రౌండులో పెడితే?"

"గాలొచ్చిందంటే నా గుమ్మటం పక్క వీధిలో ఎవరి మేడ మీదో కూర్చుంటుంది. వెళ్లి నువ్వే దింపుకురావాలి." మోచేతి మీద లేచింది. గొంతులో వెటకారం తగ్గింది. "చూడమ్మా. ఫ్యాను రెక్క అంచు తగిలిందంటే బట్ట నిలువునా చిరుగుతుంది. లోపల పిల్లలుంటారు. అవి ఆపేసినా ఒప్పుకోను. ఇది కదలకుండా ఉండే గుమ్మటం కాదు, పిల్లలు వచ్చీపోయినప్పుడల్లా ఊపిరి పీల్చినట్టు లేస్తుంది, దిగుతుంది. పైన మూరెడు ఖాళీ ఉండాల్సిందే. లేదంటే ఆ తేదీ ఇంకో బడివాళ్లు అడుగుతున్నారు. నీకు మాటిచ్చానని ఆపి ఉంచాను. నా వ్యాను మీ గేటు దాటేలోగా అవునో కాదో తేల్చి చెప్పు."

వెయ్యి గొంతుల కేక చెవుల్లో మళ్లీ మోగింది. ఈసారి అంత సంతోషంగా లేదు.

అప్పుడు వరండాలో బూట్ల చప్పుడు. ఆ చప్పుడుకి మా బడిలో గోడలు కూడా నిటారుగా నిలబడతాయి. లెక్కల టీచర్ నములుతున్నది గుటుక్కున మింగేశారు. డ్రిల్ మాస్టారు చొక్కా సర్దుకున్నారు.

"ఏం జరుగుతోందిక్కడ?" హెడ్ మేడమ్. ఇస్త్రీ మడత ఎక్కడా నలగదు ఆ మనిషికి. పొద్దున్న ఇంట్లోంచి ఎలా బయల్దేరిందో సాయంత్రానికీ అలాగే ఉంటుంది. "ఆవిడకేమైంది? పడిపోయారా?"

"పడిపోలేదండీ, పడుకున్నాను," అంది ఆంటీ.

"ఎందుకు?"

"మీ హాలుని అర్థం చేసుకోవడానికి."

నేను ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. కప్పు, టేపు, ఫ్యాన్లు, ఇంకో బడి, గేటు, వ్యాను. దాచలేదు. దాచినా ఆవిడ దగ్గర లాభం లేదు, నాకు పాలపళ్లున్నప్పటినుంచీ తెలుసు.

"కప్పు కొలిచి ఫ్యాన్లు వదిలేశారా టీచర్ గారూ?"

"అవును మేడమ్."

"ఊఁ."

ఆ 'ఊఁ' నాకు బాగా పరిచయం. చిన్నప్పుడు సెలవులకు పిన్ని ఇంటికెళ్తే, ఆ 'ఊఁ' తర్వాత నేను చాలాసార్లు గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇప్పుడూ అదే అవుతుందనుకున్నాను. "ఇంటికెళ్లండి, రేపు స్టేజి ఎక్కి పిల్లలకు క్షమాపణ చెప్పండి" అంటుందనుకున్నాను. 

పిన్ని కళ్లజోడు తీసి లెక్కల టీచర్ చేతిలో పెట్టింది. బూట్లు విప్పింది. రెండూ సమంగా, పక్కపక్కన పెట్టింది. ఆంటీ పక్కకెళ్లి, నేల మీద కూర్చుని, తర్వాత నెమ్మదిగా, ఇస్త్రీ మడతలన్నిటితో సహా, వెల్లకిలా పడుకుంది.



మా హెడ్ మేడమ్! ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా చూసినవాళ్లు కూడా లేరు. ఆవిడ నేల మీద, దుమ్ములో, ఆకాశం ఆంటీ భుజం పక్కన భుజం పెట్టి, కప్పుకేసి చూస్తోంది. నా ఛాతీ బెలూనులా ఉబ్బిపోయింది. చూడండి, చూడండి, ఆవిడ మా పిన్ని అని కేకేయాలనిపించింది. నాలుక కరుచుకున్నాను.

"గుమ్మటం ఎత్తంతా నడినెత్తి దగ్గరే కదా?" అంది పిన్ని పైకి చూస్తూనే. "పక్కలకి వాలిపోతుంది."

"వాలుతుంది."

"అలాంటప్పుడు నడినెత్తిని ఫ్యాను కింద పెట్టడమెందుకు? నాలుగు ఫ్యాన్ల మధ్య ఖాళీలో పెడితే?"

ఆంటీ తల తిప్పి ఆవిడను చూసింది. "నేను చాలా బడులు తిరిగాను మేడమ్. హెడ్‌లు కుర్చీ వేయించారు, శాలువా కప్పారు, ఫొటో దిగారు. వచ్చి పక్కన పడుకున్నది మీరొక్కరే."

"కుదురుతుందా లేదా చెప్పండి."

"కుదురుతుంది. ఐదు ఫ్యాన్లతో పేచీ లేదు. ఇదిగో, ఈ మధ్య ఫ్యానుంది చూశారూ, దీని కడ్డీ మిగతావాటికంటే పొడుగు. గుమ్మటాన్ని స్టేజి వైపు జరిపినా, తలుపు వైపు జరిపినా ఈ మహాతల్లి నెత్తి మీదే ఉంటుంది. ఇదొక్కటి దిగాలి."

అందరం డ్రిల్ మాస్టారుకేసి చూశాం. ఆయన ముఖం వాడిపోయింది.

ఎందుకో చెబుతాను. ఆ ఫ్యాన్లన్నీ పాత విద్యార్థులు ఇచ్చినవి. ఒక్కో బ్యాచ్ ఒక్కో ఫ్యాను. రెక్కల మీద బ్యాచ్ పేరు రంగుతో రాసి ఉంటుంది. డ్రిల్ మాస్టారు ఈ బడిలోనే చదువుకున్నారు. ఆయన బ్యాచ్ ఇచ్చిన ఫ్యాను అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే కిందికి ఉంటుంది. కింద కూర్చున్నవాళ్లు తలెత్తితే ముందు తమ పేరే కనబడాలని పొడుగు కడ్డీ పట్టుబట్టి వేయించారు. ఏటా వాళ్ల బ్యాచ్ కలుసుకున్నప్పుడు దాని కిందే గుంపుగా నిలబడి ఫొటో దిగుతారు.

"దాన్ని దింపడం కుదరదు మేడమ్," అన్నారాయన. "మా వాళ్లకి తెలిస్తే బాధపడతారు. మా బ్యాచ్‌కి బడిలో మిగిలిన గుర్తు అదొక్కటే."

"మాస్టారూ," అంది పిన్ని నేల మీంచే. "ఆ బ్యాచ్‌కి క్లాస్ టీచర్ ఎవరు?"

"మీరే మేడమ్."

"నేనే. అది మీ ఒక్కరి ఫ్యానే కాదు, నాది కూడా. దాని కింద నిలబడి మీటింగు పెట్టినప్పుడల్లా, నా పిల్లలిచ్చిన గాలి అనుకుంటాను. వేరేవాళ్లను చెయ్యి వేయనివ్వను. మీరే దింపండి, అయ్యాక మీరే బిగించండి. ఆ రోజు స్టేజి మీద బల్ల వేసి దాన్ని పెడదాం. ఆకాశానికి దారి ఇచ్చిన బ్యాచ్ ఇదీ అని మైకులో నేనే చెబుతాను."

డ్రిల్ మాస్టారి కళ్లు మిలమిలలాడుతున్నాయి, దాచుకోవడానికి కిటికీకేసి చూశారు. "పేరు కనబడేలా పెట్టాలి మేడమ్."

"వెనక వరసలోకి కూడా కనబడేలా."

ఆయన పరుగున వెళ్లి నిచ్చెన తెచ్చారు! ఇందాక మనసులో అన్నవన్నీ మనసులోనే వదిలేసి, స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య కరుచుకుని ఎక్కేశారు. నాకు ఏనుగెక్కినంత సంబరం. మా బడి ఇలాంటిది మరి! చెబితే ఎవరూ నమ్మరు.

"మాస్టారు విప్పేలోగా," అంది ఆంటీ నాతో, "నువ్వు చెప్పాల్సిన సగం ఒకసారి చెప్పు. వింటాను."

"ఇప్పుడా? ఇక్కడా?"

"వెయ్యిమంది ముందు చెప్పాల్సినదానివి, నలుగురి ముందు సిగ్గుపడతావేం?"

లెక్కల టీచర్ తలుపు వైపు దీపాలు ఆర్పేశారు. నిచ్చెన దగ్గర ఒక్కటే వెలుగుతోంది. సాయంత్రం వెలుగు కిటికీల్లోంచి బూడిద రంగులో జారుతోంది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"కళ్లు మూసుకోండి," అన్నాను. "ఇప్పుడు మన వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మూల మీద కొట్టు దీపం ఆరిపోయింది. మన ఇంటి దీపం కూడా ఆరిపోయింది. భయపడకండి, పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. ఇప్పుడు తెరవండి. అదిగో, అక్కడ ఎర్రగా మెరుస్తోందే, దాని వెలుగు బయల్దేరినప్పుడు మీరు పుట్టలేదు. మీ అమ్మా పుట్టలేదు, అమ్మమ్మా పుట్టలేదు. అంత దూరం నుంచి, ఎక్కడా ఆగకుండా, ఎవరి కంట్లో పడాలో తెలియకుండానే వచ్చేసింది. ఇవాళ, ఈ హాల్లో, వచ్చి నీ కంట్లో పడింది. ఇంకెవరి కంట్లోనూ కాదు. నీ పక్కవాడి కంట్లో పడింది వేరే వెలుగు. వాడిది వాడికి, నీది నీకు. ఇప్పుడు చెప్పు, నువ్వు చిన్నపిల్లవా? అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి ఇల్లు నువ్వు."

అక్కడితో ఆగాను. నిచ్చెన మీద స్క్రూడ్రైవర్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. లెక్కల టీచర్ కొంగు చివరతో ముక్కు తుడుచుకుంటున్నారు. ఆకాశం ఆంటీ చెయ్యి చాపి నేల మీద రెండుసార్లు తట్టింది, అంతే. నాకది చాలు. పిన్ని మాత్రం ఇంకా కళ్లు మూసుకునే ఉంది. ఎర్ర నక్షత్రాన్ని ఇంకా చూస్తూనే ఉన్నట్టు.

అప్పుడు దీపాలు వెలిగాయి. పిన్ని లేవబోయింది.

పిన్నికి ఎడమ మోకాలు బాగోలేదు. మెట్లు దిగుతూ ఒకసారి పడింది, అప్పటినుంచీ కింద కూర్చుంటే లేవడం కష్టం. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలుసు. చెయ్యి నేలకానించి, ఒక కాలు మడిచి, లేవబోతూ ముఖం చిట్లించింది. ఒక పక్కకి తూలింది. నా బుర్రలో ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. బడి లేదు, హాలు లేదు, చుట్టూ ఎవరున్నారన్న ధ్యాసా లేదు.

"పిన్నీ! మోకాలు! ఆగు, ఆగు, నేను పట్టుకుంటా!"

పరుగెత్తుకెళ్లి రెండు చేతులూ పట్టి లేపాను. నిలబెట్టాను. వీపు మీద దుమ్ము కూడా దులిపాను. దులుపుతూ ఉంటే తట్టింది, నేనేం అన్నానో.

"పిన్నా?" అన్నారు లెక్కల టీచర్. "ఎవరికి? ఎవరు?"

"అంటే... మేడమ్‌ని చూస్తే నాకెందుకో మా పిన్ని..."

"చాలు," అంది పిన్ని. నన్ను కాదు, అందరినీ ఒకసారి కలయజూసింది. "అబద్ధాలొద్దు. ఈ అమ్మాయి మా అక్క కూతురు."

డ్రిల్ మాస్టారు నిచ్చెన దిగారు. చేతిలో ఫ్యాను, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. దాన్ని జాగ్రత్తగా నేల మీద పెట్టి మాట్లాడారు. అరవలేదు. అరిచినా బావుండేది.

"మూడేళ్లు అడిగాను మేడమ్. మూడేళ్లూ 'వచ్చే ఏడాది చూద్దాం మాస్టారూ' అన్నారు. ఈ అమ్మాయికి రెండో ఏడే ఇచ్చారు. నేనేమనుకోవాలి?"

"అనుకోవాల్సింది అనుకోండి. జరిగింది మాత్రం నేను చెబుతాను." పిన్ని గొంతు ఎక్కడా తొణకలేదు. "ఉద్యోగం నేనివ్వలేదు. ఇంటర్వ్యూ రోజు బంధుత్వం బడిని నడిపే కమిటీకి చెప్పి, గది బయట బల్ల మీద కూర్చున్నాను. అసెంబ్లీ మాత్రం నేనే ఇచ్చాను. అక్క కూతురని ఇవ్వలేదు. అక్క కూతురనే ఈ అమ్మాయి ప్రతిపాదన రెండుసార్లు వెనక్కి పంపాను, మీరందరూ స్టాఫ్ మీటింగ్‌లో చూశారు. మూడోసారి ఈ ఆకాశం సంగతి చెప్పినప్పుడు, కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఇంత చక్కగా ఆలోచించిన టీచర్ మన బడిలో ఇంకెవరున్నా వాళ్లకే ఇచ్చేదాన్ని."

 నా జన్మలో పిన్ని నన్ను ఎదురుగా మెచ్చుకోవడం అదే మొదలు. మొదటి ర్యాంకు తెచ్చిన రోజు కూడా "చేతిరాత బాగోలేదు" అంది.

"నేను నమ్ముతాను మేడమ్," అన్నారు మాస్టారు. "ఇందాక ఈ అమ్మాయి చెబుతుంటే నా చేతిలో స్క్రూ ఎటు తిప్పాలో మర్చిపోయాను. కానీ ఈ ఏడు నుంచి కమిటీలో టీచర్ల తరఫున కూర్చునేది నేను. అక్కడ ఒక నిబంధన ఉంది. మీ బంధువుకి ఏ ప్రత్యేక బాధ్యత ఇచ్చినా ముందు కమిటీని అడగాలి. అది పెట్టింది మీరే. అడిగారా?"



నేను పిన్నికేసి చూశాను. ఈ మనిషి గంట ఒక్క నిమిషం ముందు కొట్టిన రోజు ప్యూన్‌ని పిలిచి అడుగుతుంది. ఎర్ర సిరా పెన్ను ఇంటికి తెచ్చుకోదు, అది బడిదని. ఆవిడ, తను పెట్టిన నిబంధన, తనే...

"అడగలేదు," అంది చివరికి. "అడిగితే వద్దనేవాళ్లు. దీని విషయంలో ఆ మాట వినడం నాకు ఇష్టం లేకపోయింది."

దీని విషయంలో. బడిలో, అందరి ముందు, నేను 'టీచర్ గారు' నుంచి 'ఇది' అయిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాస్టారు తాళాల గుత్తి నడుము నుంచి తీసి వేళ్ల మధ్య తిప్పారు. తర్వాత నాతో అన్నారు. "రేపు పొద్దున్న కమిటీ మీటింగు. ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పలేనమ్మా. ఒక దారుంది. అసెంబ్లీ నా పేరు మీదికి మార్చేయండి, స్టేజి ఎక్కి మళ్లీ నేను ప్రకటిస్తాను. అప్పుడు అడిగేవాళ్లే ఉండరు. ఆకాశం వస్తుంది, పిల్లలు చూస్తారు, మేడమ్‌కి మాట రాదు. నువ్వు చెప్పాల్సిన సగం నేను చెబుతాను. నాకు నక్షత్రాలు తెలియవు, గొంతు మాత్రం ఉంది."

"కొత్తవాళ్లయితే ఇవాళ్టి నుంచే నేర్పాలి," అంది ఆంటీ. "ఎవరైనా నాకు ఫర్వాలేదు. కానీ చెప్పండి. చీకటి పడేలోగా నేను వెళ్లాలి."

"మార్చేది లేదు," అంది పిన్ని. "నేనిచ్చాను. రేపు నేనే కమిటీ ముందు నిలబడి, నా అక్క కూతురికి అడక్కుండా ఇచ్చానని చెబుతాను. ఏం చేస్తారో చేయనీ."

"వాళ్లు ప్రోగ్రామే రద్దు చేస్తే మేడమ్?" అన్నారు లెక్కల టీచర్ చిన్న గొంతుతో. "పిల్లలకి ప్రకటించేశాం కదా. పైగా మీ మీద..."

"చేయనీ అన్నాను."

తర్వాత పిన్ని నా వైపు తిరిగింది. కళ్లజోడు లేదు, ముఖం కొత్తగా, కొంచెం చిన్నపిల్లలా ఉంది. "నువ్వు చెప్పు. స్టేజి ఎక్కి ప్రకటించింది నువ్వు. ఇది నీది. నీకే వద్దనిపిస్తే మాస్టారికి ఇచ్చెయ్, నేనేమీ అనను. కానీ నన్ను కాపాడ్డానికని మాత్రం దిగావో, ఇంటికి రాకు."

నలుగురూ నాకేసి చూస్తున్నారు. నేల మీద ఫ్యాను, దాని మీద ఒక బ్యాచ్ పేరు. పైన, ఫ్యాను ఉన్నచోట, ఆకాశానికి సరిపోయేంత ఖాళీ.

దిగిపోతే పిల్లలకు ఆకాశం దక్కుతుంది, పిన్ని మీద మచ్చ పడదు. కానీ ఆ ఎర్ర నక్షత్రం వెలుగు ఎవరి కంట్లో పడిందో వెయ్యిమంది పిల్లలకు చెప్పేది నేను కాదు. పైగా నన్ను చూసి మొదటిసారి గర్వపడ్డ మనిషికి, ఆ గర్వం తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. దిగకపోతే రేపు మా పిన్ని, జీవితంలో ఒక్కసారి, అదీ నా కోసం నిబంధన దాటిన మా పిన్ని, అందరి ముందు తలవంచాలి. ఆకాశం కూడా రాకపోవచ్చు.

బయట ఆంటీ వ్యానుని గేటు వైపు తిప్పడానికి డ్రైవరు ఇంజిను స్టార్ట్ చేశాడు. నేను నోరు తెరిచాను.

మీరే చెప్పండి, ఆ హాల్లో నా చోట మీరుంటే ఏమనేవారు?